రెండుసార్లూ మూడో దశే: రాకెట్ నమ్మకాన్ని శాతాల్లో కొలవొచ్చా?

సంక్షిప్తంగా: ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ 2025 మేలో ఒకసారి, 2026 జనవరిలో మరోసారి మూడో దశ దగ్గరే దెబ్బతింది. గెలిచిన ప్రయోగాల శాతాన్ని బట్టి రాకెట్‌ను అంచనా వేయడం కష్టం. ఏ భాగం చెడింది, ఎందుకు చెడింది, దిద్దుబాటు పనిచేస్తుందని ఎలా రుజువు చేశారు అన్నవి అంతకంటే ముఖ్యం. ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చే నమ్మకం ఒక లెక్క, మనుషుల ప్రాణాలకు భద్రత ఇంకో లెక్క. మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ విషయంలో రెండోదే కీలకం.

2026 జనవరి 12 ఉదయం శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ62 మూడో దశ చివర్లో దారి తప్పింది. భూపరిశీలన ఉపగ్రహం ఈఓఎస్-ఎన్1, దానితో పాటు వెళ్లిన మరో 15 చిన్న ఉపగ్రహాలు కక్ష్యకు చేరలేదు. అంతకు ఎనిమిది నెలల కిందట, 2025 మే 18న, సీ61 కూడా మూడో దశలోనే పోయింది. అప్పటి నుంచి జనంలో మూడు ప్రశ్నలు తిరుగుతున్నాయి. పాతికేళ్లు పేరు నిలబెట్టుకున్న రాకెట్‌కు ఏమైంది? గాల్లో చెడిన రాకెట్ కోస్తా మీద పడుతుందా? ఈ స్థితిలో మనుషుల్ని పంపొచ్చా?

విజయవాడకు ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు ఆకాశమంతా మబ్బు. అలాంటి రోజుల్లో మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి మేఘాలు తప్ప మరేమీ కనపడవు. మబ్బు చాటున నీరు ఎంత దూరం పాకిందో చూపగలిగేది రాడార్ ఉపగ్రహమే. సీ61తో పోయిన ఈఓఎస్-09 ఆ కోవలోదే. 1,696 కిలోల బరువున్న ఆ ఉపగ్రహం 2022లో వెళ్లిన ఈఓఎస్-04కు జంటగా పనిచేయాల్సింది. ఒకటికి రెండుంటే ఒకే చోటును మళ్లీ చూసే వ్యవధి తగ్గుతుంది. వరద రోజుల్లో ఆ తేడాకు విలువ ఎక్కువ.

## 92 శాతం ఏం చెబుతుంది?

1993 సెప్టెంబరు 20న తొలిసారి ఎగిరినప్పటి నుంచి సీ62 వరకు పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాలు 64. (తొలి పరీక్షా ప్రయోగాలైన డీ1, డీ2, డీ3లకు 62 కలిపితే 65 రావాలి కదా అంటే, సీ13 అనే రాకెట్ లేదు. 12 తర్వాత నేరుగా 14కు వెళ్లారు. లెక్కలతో బతికే సంస్థలోనూ కొన్ని అంకెలంటే జంకు ఉంటుంది.) వీటిలో పూర్తిగా విఫలమైనవి నాలుగు: 1993లో డీ1, 2017లో సీ39, ఆ తర్వాత సీ61, సీ62. 1997లో సీ1 తన ఉపగ్రహాన్ని అనుకున్నదానికంటే దిగువ కక్ష్యలో వదిలింది, దాన్ని పాక్షిక వైఫల్యంగా లెక్కిస్తారు. మిగతా 59 సఫలం. సీ60 నాటికి 95 శాతంగా ఉన్న విజయాల వాటా ఇప్పుడు 92కు దిగింది.

ఆ మూడు శాతం తగ్గుదలను బట్టి చెప్పగలిగేది తక్కువ. 1999 నుంచి 2017 జూన్ వరకు వరుసగా 36 ప్రయోగాలు సఫలమయ్యాయి. ఆ వరుసను, ఇప్పటి జంట వైఫల్యాన్ని ఒకే సగటులో కలిపితే రెండింటి అర్థమూ పోతుంది.

యాదృచ్ఛికంగా ఇలా జరగొచ్చా అన్నది లెక్క వేసి చూడొచ్చు. ఒక్కో ప్రయోగం గెలిచే అవకాశం 95 శాతం అనుకుంటే, నిర్దిష్టంగా ఈ రెండు ప్రయోగాలే ఓడే అవకాశం 400లో ఒకటి. అయితే 64 ప్రయోగాల చరిత్రలో ఎక్కడో ఒకచోట ఇలాంటి జంట పడే అవకాశం ఏడింట ఒకటి దాకా ఉంటుంది. కాబట్టి వరుసగా రెండు ఓడిపోవడం ఒక్కటే కంగారు పడాల్సిన విషయం కాదు. రెండూ ఒకే దశలో జరగడమే అనుమానానికి తావిస్తోంది. రెండు వైఫల్యాలకూ మూలం ఒకటేనని అది రుజువు చేయదు. కానీ సీ61 తర్వాత కనుక్కున్న కారణం సరైనదేనా, సరైనదైతే దిద్దుబాటు సరిపోయిందా అని అడగడానికి అది చాలు.

రాకెట్లో భాగాలు దసరాకు గుడి ముందు కట్టే సీరియల్ సెట్టులోని బల్బుల్లాంటివి. ఒకటి పోతే వరుసంతా ఆరిపోతుంది. నాలుగు దశలు ఒక్కొక్కటీ 99 శాతం నమ్మకమైనవైతే మొత్తం నమ్మకం 96 శాతం. దశలు విడిపోవడం, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే డొప్ప (ఉష్ణకవచం) ఊడటం, మార్గదర్శక కంప్యూటర్, ఉపగ్రహాన్ని వదిలే యంత్రాంగం కూడా కలిపి పది అంశాలనుకుంటే, ఒక్కొక్కటీ 99 శాతమైనా మొత్తం 90కి పడిపోతుంది. మొత్తం 99 శాతం కావాలంటే ఆ పదింటిలో ప్రతిదీ 99.9 శాతం నిలవాలి. సీ39లో నాలుగు దశలూ మండాయి. ఉష్ణకవచం మాత్రం ఊడలేదు. ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ ఉపగ్రహం ఆ డొప్పలోనే చిక్కుకుపోయింది.

## మూడో దశ లోపల

పీఎస్‌ఎల్‌వీలో ఒకటి, మూడు దశలు ఘన ఇంధనంతో, రెండు, నాలుగు దశలు ద్రవ ఇంధనంతో పనిచేస్తాయి. మూడో దశలో సుమారు ఏడున్నర టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. దాని తొడుగు ఉక్కుది కాదు, కెవ్లార్ పోగులను ఎపాక్సీ జిగురుతో చుట్టి తయారుచేసింది. పైదశల్లో ప్రతి కిలో బరువూ ఉపగ్రహం బరువులోంచే పోతుంది కాబట్టి ఈ తేలికదనం అవసరం.

ఘన మోటారుకు, ద్రవ ఇంజిన్‌కు మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ద్రవ ఇంజిన్‌ను నేల మీద మండించి, చూసి, అదే ఇంజిన్‌ను రాకెట్‌కు బిగించవచ్చు. ఘన మోటారును ఒకసారి వెలిగిస్తే అంతే. నేల మీద పరీక్షించేది దాని తోబుట్టువును మాత్రమే, ఎగిరేది ఎప్పుడూ మండని మోటారు. అందుకే ఘన దశ నమ్మకమంతా తయారీ ఒకే తీరులో సాగడం మీద ఆధారపడుతుంది. అమ్మోనియం పర్‌క్లోరేట్ రేణువుల పరిమాణం, అల్యూమినియం పొడి పాళ్లు, జిగురుగా పనిచేసే హెచ్‌టీపీబీ నాణ్యత, పోత పోసి గట్టిపడనిచ్చే ఉష్ణోగ్రత, అన్నీ బ్యాచ్‌కు బ్యాచ్ సరిపోలాలి. పోసిన తర్వాత ఎక్స్‌రే తీసి లోపల పగుళ్లు, గాలి బుడగలు, తొడుగుకూ ఇంధనానికీ మధ్య అతుకు ఊడిన చోట్లు ఉన్నాయేమో వెతుకుతారు.

లోపాన్ని బట్టి పీడనం మారే తీరు ఉంటుంది. ఇంధనం పగిలితే మండే ఉపరితలం పెరిగి చాంబర్ పీడనం ఎగబాకుతుంది, శ్రుతి మించితే తొడుగు పేలుతుంది. వేడి వాయువు ఎక్కడైనా సందు చేసుకుని బయటికి కారినా, వాయువు బయటికి చిమ్మే నాజిల్ గొంతు అతిగా అరిగి వెడల్పైనా పీడనం పడిపోతుంది. సీ61లో మోటారు కేసులో చాంబర్ పీడనం తగ్గిందని ఇస్రో ఛైర్మన్ వి.నారాయణన్ ప్రయోగం ముగిసిన వెంటనే చెప్పారు. అంటే వెతకాల్సింది ఈ రెండో కోవలో: తొడుగు, లోపలి ఉష్ణ రక్షణ పొర, నాజిల్, అతుకులు.

సీ62లో కనిపించింది వేరు. మూడో దశ చివర్లో రాకెట్ తన అక్షం చుట్టూ తిరిగే వేగంలో అలజడి వచ్చింది. మూడో దశ నాజిల్ కొద్దిగా అటూ ఇటూ వంగి రాకెట్ ముక్కును పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ నడపగలదు. ఉన్న ఒక్క నాజిల్ మధ్యలో ఉంటుంది కాబట్టి తన చుట్టూ తాను తిరగడాన్ని అది ఆపలేదు. ఆ పని నాలుగో దశకు ఉన్న చిన్న థ్రస్టర్లు చేస్తాయి. పక్క నుంచి వాయువు ఓరగా చిమ్మితే పుట్టే మెలి బలం ఆ చిన్న థ్రస్టర్ల శక్తిని సులువుగా మించగలదు. ఇలా చూస్తే రెండు సంఘటనలకూ ఒకే రకం లోపం మూలం కావడం సాధ్యమే. సాధ్యం మాత్రమే. థ్రస్టర్లలోనో నియంత్రణలోనో తప్పు జరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

తగ్గిన వేగాన్ని నాలుగో దశ పూడ్చలేదా అన్న సందేహం సహజం. నాలుగో దశలో ఉన్న రెండు ఇంజిన్ల తోపు కలిపినా మూడో దశ తోపులో దాదాపు పదిహేనో వంతు. ఇంధనం రెండున్నర టన్నులు. కక్ష్యను సరిచేయడానికి చేసిన దశ అది, పోయిన దశ పనిని భుజానికెత్తుకోలేదు.

## మూలం దొరికిందని ఎలా తెలుస్తుంది?

2021 ఆగస్టు 12న ఇస్రో మరో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో క్రయోజెనిక్ దశ (అతిశీతల ద్రవ ఇంధనంతో మండేది) అంటుకోలేదు. ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం నిలవకపోవడం లక్షణం. ట్యాంకు మీది వెంట్ వాల్వ్ కారడం కారణం. కమిటీ అక్కడితో ఆగకుండా వాల్వ్ లోపలి మెత్తటి సీల్ దెబ్బతినే అవకాశం దాకా వెళ్లింది, ఆ వివరాలు బయటికి చెప్పింది. తర్వాతి జీఎస్‌ఎల్‌వీ 2023 మే 29న ఎగిరి గెలిచింది. మధ్యలో 21 నెలలు గడిచాయి. 2010 డిసెంబరు 25న పోయిన ఎఫ్06 విషయంలోనూ రష్యా క్రయోజెనిక్ దశ అడుగున పది కనెక్టర్లు ముందే ఊడిపోయి పక్కన బిగించే స్ట్రాపాన్ మోటార్లకు ఆదేశాలు అందలేదని వెల్లడించారు. 2006లో ఎఫ్02 పోవడానికి ఒక స్ట్రాపాన్ ఇంజిన్‌లోని ఇంధన రెగ్యులేటర్ కారణమని తేల్చారు. సీ61పై కమిటీ నివేదిక మాత్రం సీ62 ఎగిరేనాటికి ప్రజల ముందుకు రాలేదు. నివేదిక బయటపెట్టినంత మాత్రాన రాకెట్ బాగుపడదు, నిజమే. కానీ బయటపెట్టకపోతే బయటి నిపుణులు ప్రశ్నించే అవకాశం పోతుంది, లోపలి వాళ్లకు తమ అంచనాలను తిరిగి చూసుకునే ఒత్తిడీ తగ్గుతుంది.

మొదటిసారి మూలం దాకా వెళ్లకపోతే ఏమవుతుందో అమెరికా టారస్ ఎక్స్‌ఎల్ రాకెట్ చరిత్ర చూపిస్తుంది. 2009 ఫిబ్రవరిలో దాని ఉష్ణకవచం ఊడక ఓసీఓ ఉపగ్రహం పోయింది. దర్యాప్తు జరిగింది, అనుమానం ఉన్న యంత్రాంగాన్ని మార్చారు. 2011 మార్చిలో మళ్లీ ఉష్ణకవచమే ఊడలేదు, గ్లోరీ ఉపగ్రహం పోయింది. అసలు సంగతి 2019లో గానీ నాసా పూర్తిగా బయటపెట్టలేకపోయింది. విడిపోయే అతుకులో వాడిన అల్యూమినియం కడ్డీలను సరఫరా చేసిన కంపెనీ ఏళ్ల తరబడి బల పరీక్షల ఫలితాలను తారుమారు చేసి సర్టిఫికెట్లు ఇచ్చింది. డిజైన్ ఎంత తిరగేసినా దొరకని లోపం అది, ముడిసరుకు కాగితాల్లో దాక్కుంది.

ఆ అనుభవం ఘన మోటార్లకు బాగా వర్తిస్తుంది. వాటి లోపాలు తరచుగా డిజైన్లో కాక సరుకులో, పనిలో, నిల్వలో ఉంటాయి. పీఎస్‌ఎల్‌వీ తయారీ ఇస్రో నుంచి పరిశ్రమల చేతుల్లోకి పోతున్న దశలో ఇది ఇంకా ముఖ్యం. ఐదు పీఎస్‌ఎల్‌వీలను మొత్తంగా తయారుచేసే కాంట్రాక్టు హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ కూటమికి 2022లో దక్కింది.

గెలిచిన ప్రయోగాలు కూడా హెచ్చరికలు ఇస్తాయి. అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ 1986 జనవరి 28న పేలకముందే బూస్టర్ అతుకుల్లోని ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) కాలిన గుర్తులు పాత ప్రయోగాల్లో కనిపించాయి. కల్పనా చావ్లా సహా ఏడుగురు 2003 ఫిబ్రవరి 1న కొలంబియాతో పాటు పోవడానికి కారణమైన నురుగు ముక్కలు కూడా అంతకుముందు ప్రయోగాల్లో ఊడిపడినవే. ‘ఇంతకుముందూ ఇలాగే జరిగింది, ఏమీ కాలేదు’ అన్న అలవాటు రెండు చోట్లా కొంప ముంచింది. అందుకే ప్రతి ప్రయోగం తర్వాత టెలిమెట్రీలో (రాకెట్ నుంచి నేలకు అందే సమాచారంలో) వచ్చిన పీడనాలు, ప్రకంపనలు, ఉష్ణోగ్రతలు అంచనా గీతల లోపల ఉన్నాయా అని గీత గీతా చూడాలి. సీ61కు ముందు ఎగిరిన మూడో దశల పీడన రేఖల్లో క్రమంగా ఏమైనా మార్పు ఉందా అన్నది కమిటీ ముందుండాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి.

## రెండోది ఉంటే చాలదా?

కంప్యూటర్లు, తిరుగుడును కొలిచే గైరోలు, వాల్వ్‌లు రెండేసి, మూడేసి పెడతారు. విడివిడిగా చెడే లోపాలకు అది మందు. రెండూ ఒకే తప్పు చేస్తే మందు లేదు. 1996 జూన్ 4న తొలి ఏరియన్-5 (ఐరోపా రాకెట్) లేచిన 40 సెకన్ల లోపే పోయింది. ఏరియన్-4 నుంచి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల గదిలో ఇరికించబోయి మార్గదర్శక యూనిట్ ఆగిపోయింది. పక్కనున్న రెండో యూనిట్లోనూ అదే సాఫ్ట్‌వేర్, అది అప్పటికే అదే కారణంతో ఆగింది. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన అదురుకు, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లన్నీ కొన్ని మిల్లీసెకన్లు పరిధి దాటిన రీడింగులు ఇచ్చాయి. సెన్సర్లు చెడ్డాయని కంప్యూటర్ భావించి వేరే పద్ధతికి మారింది. దాంతో 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్య బదులు ఒక చివర 76 కిలోమీటర్లకు దిగే కక్ష్య వచ్చింది. సెన్సర్లు నిజానికి బాగానే ఉన్నాయి, అదురు ఎంతసేపు ఉంటుందన్న అంచనాయే తప్పింది.

రాకెట్ గెలిచాక ఉపగ్రహం ఓడటం మరో రకం. 2025 జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగంగా జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎన్‌వీఎస్-02ను సరిగ్గానే వదిలింది. ఉపగ్రహంలోని ఇంజిన్‌కు ఆక్సిడైజర్ చేర్చే వాల్వ్‌లు తెరుచుకోలేదు. దారి చూపే నావిక్ సేవకు చేరాల్సిన కక్ష్యకు అది వెళ్లలేకపోయింది. ప్రయోగ వాహనాల శాతాల్లో ఇది ‘విజయం’గానే లెక్కకు వస్తుంది.

## పడితే ఎక్కడ?

శ్రీహరికోట నుంచి చూస్తే గుంటూరు, విజయవాడ సుమారు 300 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నాయి. భూస్థిర కక్ష్యకు వెళ్లే రాకెట్లు తూర్పు, ఆగ్నేయ దిశల్లో బంగాళాఖాతం మీదుగా పోతాయి. ధ్రువ కక్ష్యకు పోయే పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా వెళ్లి, శ్రీలంకను తప్పించుకున్నాక దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం కట్టడానికి ఇదొక కారణం. రెండు దారుల్లో ఏదైనా కృష్ణా, గుంటూరు జిల్లాలు రాకెట్‌కు వీపు వైపే ఉంటాయి.

రాకెట్ దారి తప్పి నేల వైపు మళ్లే ప్రమాదం ఉంటే ప్రయోగ మార్గం భద్రత చూసే రేంజ్ సేఫ్టీ అధికారి దాన్ని గాల్లోనే పేల్చేస్తారు. 2006, 2010 జీఎస్‌ఎల్‌వీలు అలాగే ముగిశాయి. ప్రయోగానికి ముందు ఏ సముద్ర ప్రాంతాలకు వెళ్లొద్దో నౌకలకు, విమానాలకు, మత్స్యకారులకు హెచ్చరికలు వెళ్తాయి. నిజాంపట్నం వైపు నుంచి దక్షిణంగా దూరపు వేటకు వెళ్లే మరపడవల వాళ్లు ఆ ప్రకటనలు చూసుకోవడం మంచిది.

అంతా సజావుగా సాగినా దశలు సముద్రంలో పడతాయి. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరాన గ్రీన్ హెడ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద డ్రమ్ములాంటి వస్తువు పీఎస్‌ఎల్‌వీ మూడో దశదేనని ఆ దేశ అంతరిక్ష సంస్థ తేల్చింది.

## మనుషులు ఎక్కినప్పుడు

గగన్‌యాన్‌కు వాడేది పీఎస్‌ఎల్‌వీ కాదు, ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3. అది 2017 నుంచి 2025 చివరి వరకు చేసిన ఎనిమిది కక్ష్యా ప్రయోగాల్లోనూ గెలిచింది. వినడానికి నూటికి నూరు. గణాంకాల భాషలో మాత్రం, ఎనిమిదికి ఎనిమిది గెలిచిన రాకెట్ వైఫల్య రేటు 31 శాతం దాకా ఉండే అవకాశాన్ని కూడా 95 శాతం నిశ్చయంతో కొట్టిపారేయలేం. 99 శాతం నమ్మకాన్ని కేవలం ప్రయోగాలతో అదే నిశ్చయంతో రుజువు చేయాలంటే ఒక్కటీ ఓడకుండా దాదాపు 300 సార్లు ఎగరాలి. ఏ దేశమూ ఆ దారిలో వెళ్లలేదు, వెళ్లడం సాధ్యమూ కాదు.

కాబట్టి దారి వేరు. ఒకటి, భాగాల స్థాయిలో పరీక్షలు పెంచడం, బలానికి అదనపు వెసులుబాటు ఇవ్వడం. మనుషులు లేని రాకెట్ల నిర్మాణాన్ని అంచనా బరువుకు 1.25 రెట్లు తట్టుకునేలా కడితే, మనుషులున్నవాటిని సాధారణంగా 1.4 రెట్లకు కడతారు. ప్రయాణికుల విమానాలకు ఇది 1.5. ఎల్‌వీఎం3కి ఉన్న ఎస్200 బూస్టర్‌ను మానవ యాత్రకు తగ్గట్టు మార్చి 2022 మే 13న నేల మీద మండించి చూశారు. రెండోది, రాకెట్ ఓడినా మనిషి బతికేలా చూడటం. ఉదాహరణకు రాకెట్ 98 శాతం, తప్పించుకునే వ్యవస్థ 90 శాతం నమ్మకమైనవైతే, పైకెళ్లేటప్పుడు సిబ్బందిని కోల్పోయే అవకాశం 500లో ఒకటికి తగ్గుతుంది. అంతరిక్ష భద్రతలో ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చే ఏర్పాటు మరొకటి లేదు.

2018 అక్టోబరు 11న సోయుజ్ ఎంఎస్-10లో ఒక పక్క బూస్టర్ సరిగా విడిపోక కోర్ దశను గుద్దింది. విడిపోవడాన్ని గుర్తించే సెన్సర్ వంగి ఉండటం కారణం. తప్పించే మోటార్లు సిబ్బంది గదిని లాగేశాయి, ఇద్దరూ క్షేమంగా దిగారు. రాకెట్ ఓడింది, భద్రత గెలిచింది. చాలెంజర్‌కు అలాంటి ఏర్పాటు లేదు.

భారత్ తన వ్యవస్థను 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 అనే పరీక్షా రాకెట్‌తో పరీక్షించింది. మొదటి ప్రయత్నాన్ని ఐదు సెకన్ల ముందు కంప్యూటర్ తనంతట తానే ఆపేసింది, కాసేపటికి కారణం సరిదిద్ది ఎగరేశారు. ధ్వని వేగానికి 1.2 రెట్ల దగ్గర తప్పించే మోటార్లు గదిని లాగాయి, పారాచూట్లు తెరుచుకున్నాయి. సముద్రంలో గది తలకిందులుగా తేలింది, దాన్ని సరిచేసుకోవాల్సిన అంశంగా గుర్తించారు. 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ నుంచి వదిలి పారాచూట్లను మళ్లీ చూశారు. మొత్తం పది పారాచూట్లు. ప్రధానమైనవి మూడు, రెండు తెరుచుకున్నా చాలు.

తప్పించే వ్యవస్థ పైకెళ్లే నిమిషాలకే పనికొస్తుంది. 1971లో సోయుజ్ 11 సిబ్బంది ముగ్గురూ దిగొచ్చేటప్పుడు ఒక వాల్వ్ తెరుచుకుని గాలి పోవడంతో చనిపోయారు. కొలంబియా కూడా తిరుగు ప్రయాణంలోనే పోయింది. మనుషులు లేని గగన్‌యాన్ ప్రయోగాల్లో పైకెళ్లడం కంటే వెనక్కి రావడం, ఉష్ణ రక్షణ కవచం, లోపలి గాలి నిర్వహణ ఎలా ఉన్నాయన్నది ఎక్కువ చూడాల్సిన అంశం.

## ఇకముందు

దగ్గరి ప్రభావం బీమా మీద పడుతుంది. వరుసగా రెండుసార్లు ఓడిన రాకెట్‌కు ప్రీమియం పెరుగుతుంది. చిన్న ఉపగ్రహాలున్న విదేశీ కంపెనీలు తమ సరుకును ఫాల్కన్-9 ఉమ్మడి ప్రయోగాలకు మళ్లించుకోవచ్చు. అక్కడ ధర, తరచుదనం రెండూ కలిసొస్తాయి. దేశీయ భూపరిశీలన ఉపగ్రహాలు వాయిదా పడితే ఈఓఎస్-04 లాంటివి తమ ఆయుష్షు దాటి పనిచేయాల్సి వస్తుంది. తుపానుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన సుమారు రెండున్నర నెలలకు వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డీఎస్ వెళ్లింది, దాన్ని మోసింది జీఎస్‌ఎల్‌వీ.

తర్వాతి పీఎస్‌ఎల్‌వీ ప్రకటన వచ్చినప్పుడు తేదీ కంటే ముందు చూడాల్సినవి మూడు. మూడో దశలో మార్చింది డిజైనా, సరుకా, తనిఖీ పద్ధతా? ఆ మార్పుతో తయారైన మోటారును నేల మీద శూన్య పరిస్థితుల్లో పూర్తి సమయం మండించారా? అప్పటికే పోతపోసి నిల్వ ఉన్న పాత మోటార్లను ఏం చేశారు, మళ్లీ ఎక్స్‌రే తీశారా, పక్కన పెట్టారా? మూడో ప్రశ్నకు జవాబు తరచుగా ప్రకటనల్లో ఉండదు.